చేతికీ కోరకూ నడుమ

విషసర్పాలు మనిషి పనిచేసే చోటికి రెండు దారుల్లో చేరుతాయి. విషం సేకరించే కేంద్రాలు, జంతు ప్రదర్శనశాలలు, పరిశోధనాలయాలు, ఇళ్లలో దూరిన పాములను పట్టి అడవికి చేర్చే సంఘాలు వాటిని తెలిసి, కోరి చేపడతాయి. వరి పొలం, బోరు మోటారు పక్కనుండే రేకుల షెడ్డు, ఇటుక బట్టీ, పశువుల కొట్టం, ధాన్యపు గోదాము వంటి చోట్లకు అవి ఎలుకలను వెతుక్కుంటూనో, ఎండకు నీడ కోసమో తమంతట తామే వస్తాయి. మొదటి రకం పనిచోట్లలో పాము ఉందన్న సంగతి తలుపు మీదే రాసి ఉంటుంది, తగిన పనిముట్లు ఉంటాయి, ఏ పని తర్వాత ఏ పని చేయాలో నిర్ణయించిన క్రమం ఉంటుంది. రెండవ రకంలో ఇవేవీ ఉండవు. అయినా భారతదేశంలో పాముకాటుకు చనిపోయేవారిలో అత్యధికులు ఆ రెండవ రకం పనిచోట్లకు, వాటిని ఆనుకుని ఉన్న పల్లెటూళ్లకు చెందినవారే. ఈ రెండు లోకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, పాముల మధ్య పనిచేసే మనిషికి రక్షణ అతని ధైర్యం నుంచి గానీ చేతి చురుకుదనం నుంచి గానీ రాదనీ, చేతికీ కోరకూ నడుమ ముందుగానే ఏర్పరచి ఉంచిన దూరం నుంచే వస్తుందనీ తెలుస్తుంది.

దీనికి ఆధారం శరీరధర్మంలోనే ఉంది. అతివేగంగా చిత్రాలు తీసే కెమెరాలతో పాము కాటును పరిశీలించిన శాస్త్రవేత్తలు, అది తల విసిరి లక్ష్యాన్ని తాకడానికి సాధారణంగా సెకనులో పదో వంతు కంటే తక్కువ కాలమే పడుతుందని కనుగొన్నారు. మనిషి కన్ను చూసిన కదలిక మెదడుకు చేరి, మెదడు నుంచి బయలుదేరిన ఆజ్ఞ చేతి కండరాన్ని కదిలించడానికి దాదాపు ఐదో వంతు సెకను, అంటే దానికి రెట్టింపు కాలం కావాలి. కాటు మొదలైందని మెదడు గ్రహించి చేతిని వెనక్కి లాగే లోపే కోర చర్మంలో దిగి, విషగ్రంథి చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని విషం లోపలికి చేరిపోయి ఉంటుంది. ఎన్నేళ్ల అనుభవమైనా నరాల వేగాన్ని పెంచలేదు. ఎక్కడ నిలబడాలో, ఎక్కడ చేయి పెట్టకూడదో మాత్రమే అది నేర్పగలదు. చాలా పాములు తమ నిడివిలో మూడో వంతు నుంచి సగం దాకా ముందుకు దూకి కాటు వేయగలవు కాబట్టి, ఐదడుగుల పాముకు కనీసం దాని పూర్తి నిడివి అంత దూరంలో నిలబడాలన్నది పాములతో పనిచేసేవారు పాటించే మొదటి లెక్క.

ఈ లెక్క తెలియనివారు కాక, అందరికంటే బాగా తెలిసినవారే దాన్ని ఒక్క క్షణం పక్కన పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు సర్పశాస్త్ర చరిత్రలో ఉన్నాయి. అమెరికాలోని షికాగో ఫీల్డ్ మ్యూజియంలో దశాబ్దాల పాటు పనిచేసిన కార్ల్ ష్మిట్ దగ్గరికి 1957 సెప్టెంబరులో అక్కడి జంతు ప్రదర్శనశాల ఒక చిన్న పామును జాతి నిర్ధారణ కోసం పంపింది. అది ఆఫ్రికాకు చెందిన బూమ్‌స్లాంగ్. ఈ జాతి పాములకు విషపు కోరలు నోటి ముందు భాగంలో కాక వెనక ఉంటాయి. వెనక కోరల పాములు మనిషికి పెద్ద ప్రమాదం కావన్న అభిప్రాయం ఆనాడు బలంగా ఉండేది, పైగా ఆ పాము పిల్లది. బొటనవేలిపై కాటు పడ్డాక ష్మిట్ ఆసుపత్రికి వెళ్లకుండా తనలో కనిపిస్తున్న లక్షణాలను కాగితంపై రాసుకుంటూ ఉండిపోయాడు. రక్తం గడ్డకట్టే శక్తిని నాశనం చేసే ఆ విషం శరీరం లోపల రక్తస్రావాలు కలిగించి, మరునాడే అతని ప్రాణం తీసింది. 2001లో మయన్మార్ ఉత్తరాన అడవుల్లో పరిశోధన చేస్తున్న కాలిఫోర్నియా శాస్త్రవేత్త జోసెఫ్ స్లోవిన్‌స్కీ, విషం లేని రకంగా సహాయకులు భావించిన పాము ఉన్న సంచిలో చేయి పెట్టాడు. అందులో ఉన్నది కట్లపాము. అతను కట్లపాముల కుటుంబంపై విస్తృతంగా పనిచేసినవాడు, విషం ఏం చేయబోతుందో తన బృందానికి తానే వివరించాడు. ఊపిరి కండరాలు పనిచేయడం మానాక తోటివారు గంటల తరబడి నోటితో ఊపిరి అందించినా, వాతావరణం అనుకూలించక హెలికాప్టర్ రాలేక, సెప్టెంబరు 12న అతను మరణించాడు.

ఈ రెండు మరణాలూ నేర్పే పాఠం ఒకటే అయినా దానికి రెండు ముఖాలున్నాయి. గుర్తింపు పూర్తయ్యేదాకా ప్రతి పామునూ విషసర్పంగానే చూడాలన్నది మొదటిది. ఇది వినడానికి తేలికే గానీ ఆచరణలో కష్టం, ఎందుకంటే రోజూ పాములను చూసే కంటికి అంచనా వేయడం అలవాటైపోతుంది, అంచనా ఎన్నోసార్లు నిజమవుతుంది కూడా. తెలుగు ప్రాంతాల ఇళ్లలోనూ కట్లపాముకూ, దాన్ని పోలిన విషం లేని తోడేలు పాముకూ ఇలాగే పొరపాటు జరుగుతుంది. కట్లపాము నల్లని ఒంటిపై సన్నని తెల్ల పట్టీలు తరచు జంటలుగా ఉండి, మెడ దగ్గర అస్పష్టంగా మొదలై తోక వైపు స్పష్టమవుతాయి, వెన్నెముక పొడవునా ఆరు మూలల పెద్ద పొలుసుల వరస ఉంటుంది. తోడేలు పాముకు పట్టీలు మెడ దగ్గరే వెడల్పుగా మొదలై తోక వైపు మాసిపోతాయి, ఆ పెద్ద పొలుసుల వరస ఉండదు. ఈ తేడాలు బల్ల మీద చనిపోయిన పామును పరిశీలించేటప్పుడు పనికివస్తాయి. చీకట్లో కదిలే పాము దగ్గర వాటిని నమ్మి చేయి పెట్టడం తగదు. ఇక రెండవ ముఖం, కాటు పడిన వెంటనే చేయాల్సిన పని కాటుకు ముందే నిర్ణయమై ఉండాలన్నది. ష్మిట్‌ను చంపినది విషం ఒక్కటే అనడం కష్టం. ఆసుపత్రికి వెళ్లాలా వద్దా అనే నిర్ణయాన్ని కాటు పడిన మనిషికే వదిలేసిన ఏర్పాటు కూడా ఆ మరణంలో భాగస్వామి.

అందుకే నేటి మంచి సర్పశాలల్లో నియమాలు వ్యక్తి వివేకం మీద తక్కువగా, గది కట్టుబడి మీద ఎక్కువగా ఆధారపడతాయి. విషసర్పాల గది తలుపును ఒంటరిగా ఎవరూ తెరవరు. ఒకరు పనిచేస్తుంటే ఇంకొకరు చూస్తూ నిలబడతారు. ప్రతి పంజరానికీ తాళం, దాని మీద పాము పేరు, లోపల ఎన్ని ఉన్నాయన్న సంఖ్య, వాటికి వాడాల్సిన విషవిరుగుడు పేరు, తీసుకెళ్లాల్సిన ఆసుపత్రి పేరు రాసిన చీటీ ఉంటాయి. గాజు గుండా లోపలి పాములన్నీ లెక్కకు కనబడకపోతే తలుపు తెరవరు. పంజరాన్ని శుభ్రం చేసేటప్పుడు పాము ఉన్నచోట చేయి పెట్టే అవసరమే రాకుండా, లోపలే ఒక చిన్న పెట్టె అమర్చి, పొడవాటి కొక్కెం కర్రతో పామును అందులోకి మళ్లించి మూత వేస్తారు. వైద్యం చేయాల్సి వస్తే పాము తలను పారదర్శకమైన గొట్టంలోకి దూరనిస్తారు. దాని ఒంటిలో మూడో వంతు లోపలికి వెళ్లాక గొట్టాన్నీ ఒంటినీ కలిపి పట్టుకుంటే, వెనక్కి తిరిగి కాటు వేయడానికి దానికి చోటు ఉండదు. మందపాటి తోలు చేతొడుగులు వేసుకుంటే చాలనుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే పొడవాటి కోరలు వాటిని దాటగలవు, పైగా అవి వేళ్ల స్పర్శజ్ఞానాన్ని మందగింపజేస్తాయి. ఎలుకలను ముట్టుకున్న చేతుల వాసనకు పాము ఆ చేతినే ఆహారమనుకుని కాటేస్తుంది కాబట్టి మేత వేసే రోజున మరింత జాగ్రత్త అవసరం.

చనిపోయిన పాము విషయంలోనూ ఇదే శ్రద్ధ కావాలి. నరికిన తల కూడా కొంతసేపు నరాల ప్రతిచర్య వల్ల నోరు మూసి కోర దించగలదు. ఎండబెట్టిన విషపు పొడితో పనిచేసేవారికి ఇంకో ముప్పు ఉంది: పీల్చిన కొద్దిపాటి ధూళితోనే శరీరం విషపు ప్రోటీన్లకు అలర్జీ పెంచుకుంటుంది, ఆ తర్వాత చిన్న కాటు కూడా ఊపిరి ఆడనివ్వని తీవ్ర ప్రతిచర్యగా మారవచ్చు. గాలిని బయటికి లాగే పెట్టె, కళ్లద్దాలు, ముఖానికి మాస్కు అందుకే తప్పనిసరి. అమెరికాలోని మయామీలో విషం సేకరించిన బిల్ హాస్ట్ 170 కంటే ఎక్కువ కాట్లు తిని 100 ఏళ్లు బతికిన సంగతి విని ఈ జాగ్రత్తలన్నీ అతిశయమని ఎవరైనా అనుకుంటే, అతను ఆ క్రమంలో వేలు పోగొట్టుకున్నాడనీ, ఎన్నోసార్లు మరణం అంచుకు వెళ్లాడనీ గుర్తుంచుకోవాలి.

భారతదేశంలో ఈ వృత్తికి అత్యంత ఘనమైన ఉదాహరణ తమిళనాడులో మహాబలిపురం దగ్గరి వడనెమ్మేలిలో ఉంది. పాములను వెతికి పట్టడంలో తరతరాల నైపుణ్యం గల ఇరుల తెగవారు ఒకప్పుడు చర్మాల వ్యాపారానికి పాములను పట్టి ఇచ్చేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రావడం, ఆ తర్వాత చర్మాల ఎగుమతి నిషేధం కావడంతో వారి జీవనాధారం పోయింది. సర్పశాస్త్రవేత్త రోములస్ విటేకర్ తోడ్పాటుతో 1978లో ఏర్పడిన ఇరుల పాములవాళ్ల సహకార సంఘం అదే నైపుణ్యాన్ని విషం సేకరణకు మళ్లించింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగు జాతులను అటవీ శాఖ అనుమతించిన సంఖ్యలో పట్టి, గుడ్డ మూతి కట్టిన మట్టి కుండల్లో కొద్ది వారాలు ఉంచి, పలచటి పొర బిగించిన గాజు పాత్రను కొరికించి విషం తీసి, పొట్ట కింది పొలుసు మీద గుర్తు పెట్టి, తిరిగి వదిలేస్తారు. గుర్తు ఉన్న పాము మళ్లీ దొరికితే దాన్ని తీసుకోరు. వీరిలో మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఇద్దరికి 2023లో పద్మశ్రీ లభించింది.

ఇరులవారి పనిలో గమనించదగినది వారి నిదానం. ఎలుక బొరియ అంచున మట్టి ఎలా నునుపెక్కిందో, దుమ్ములో జాడ ఎటు పోయిందో, విడిచిన కుబుసం ఎన్ని రోజులదో చదివి, ఏ జాతి పాము లోపల ఉందో నిర్ణయించుకున్నాకే వారు గునపం దించుతారు. పాము ఎక్కడుందో తెలియని స్థితిలో చేయి ముందుకు వెళ్లదు. ఆ కుండల్లోని పాముల నుంచి తీసిన విషమే గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించగా వాటి రక్తంలో తయారయ్యే ప్రతిరక్షకాలు శుద్ధి అయి, హైదరాబాద్ పరిసరాల్లోనివి సహా దేశంలోని తయారీ సంస్థల నుంచి విషవిరుగుడు సీసాలుగా ఆసుపత్రులకు చేరుతాయి. ఒక్క ప్రాంతపు పాముల విషం మీద అంతగా ఆధారపడటంలో ఒక లోపమూ ఉంది: ఒకే జాతి పాము విషమైనా ప్రాంతాన్ని బట్టి కూర్పు మారుతుంది కాబట్టి, వేరే రాష్ట్రపు కాటుకు ఆ మందు ఎక్కువ మోతాదులో అవసరం కావచ్చు. తూర్పు కనుమల్లో కనిపించే రాచనాగు విషానికి ఈ నాలుగు జాతుల మందు రూపొందినది కాదు. అక్కడ దూరమే అసలైన మందు.

ఇక రెండవ లోకం. 2005 సంవత్సరానికి దేశంలో సుమారు 45,900 పాముకాటు మరణాలు జరిగాయని ఇంటింటి మరణ సర్వే ఆధారంగా 2011లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 5,200, జనాభాతో పోల్చితే రాష్ట్రాలన్నిటిలో ఎక్కువ. 2000 నుంచి 2019 వరకు మొత్తం 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయి ఉంటారని ఆ తర్వాతి అధ్యయనం లెక్కగట్టింది. ఆ మరణాల్లో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు, అంటే దుక్కులు, నాట్లు, కలుపుతీతలు సాగే నెలల్లోనే జరుగుతున్నాయి. ఇంత పెద్ద సంఖ్యలో మనుషులు చనిపోయే పనిచోటు ఏ కర్మాగారంలో ఉన్నా ఆ ఏడాదే నియమాలు వచ్చేవి. పొలం కూడా పనిచోటే అన్న దృష్టి లేకపోవడం వల్ల ఇక్కడి కాటు విధి ఖాతాలో పడిపోతోంది.

సర్పశాలలోని సూత్రాన్ని పొలానికి తెచ్చినప్పుడు చేయాల్సిన పనులు ఖరీదైనవేమీ కావు. రక్తపింజరి కాటు ఎక్కువగా పాదం మీద, చీలమండ దగ్గర పడుతుంది. ఇది కదలకుండా ఎర కోసం కాచుకునే పాము, రంగు ఎండుగడ్డిలో కలిసిపోతుంది, అడుగు దాని మీద పడేదాకా పక్కకు తప్పుకోదు. పిక్కల దాకా వచ్చే రబ్బరు బూట్లు గట్ల మీద, పొడి మడిలో ఎంతో కాపాడతాయి. మోకాలి లోతు బురదలో నాట్లు వేసేవారికి బూటు కూరుకుపోయి పని సాగదన్నది నిజమే. అయితే నాట్లప్పటి బురద కంటే గట్టు మీది గడ్డి, కోతప్పటి పనలే ఎక్కువ ప్రమాదకరమైన చోట్లు. కోసి పరిచిన పనల కింద ఎలుకలు, వాటి కోసం పాములు చేరతాయి కాబట్టి పనను చేత్తో ఎత్తే ముందు పొడవాటి కర్రతో తిరగేయడం, గడ్డివామును చీకటి పడ్డాక కదపకపోవడం, రాళ్ల గుట్టలు ఎక్కువున్న మెట్ట పొలాల్లో వేరుశనగ కుప్పల దగ్గర చిన్న పింజరి పొలుసుల రాపిడి చప్పుడు వినబడగానే ఆగిపోవడం, ఇవన్నీ దూరాన్ని కల్పించే పనులే. వరి గట్లలో ఎలుకలను పట్టే యానాదుల పని పంటను కాపాడటంతో పాటు పాముల మేతను కూడా తగ్గిస్తుంది. ఆ శ్రమను పాముకాటు నివారణలో భాగంగా గుర్తించి, కూలి గిట్టేలా గ్రామ స్థాయిలో ఏర్పాటు చేయడం ఎంతైనా న్యాయం.

కొన్ని నివారణలు పొలం బయట, దూరంగా ఉన్న కార్యాలయాల్లో నిర్ణయమవుతాయి. వ్యవసాయానికి కరెంటు అర్ధరాత్రి విడతల్లో వచ్చిన ఏళ్లలో రైతులు మోటారు వేయడానికి చీకట్లో గట్ల వెంట నడవాల్సి వచ్చేది, అది రక్తపింజరి, కట్లపాము చురుగ్గా తిరిగే వేళ. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు దాన్ని దిగుబడి దృష్టితోనే ఎక్కువగా చర్చించారు. పగలు నీరు పెట్టుకోగలగడం పాముకాటు నివారణ కూడా అన్నది ఆ చర్చలో పెద్దగా వినబడలేదు. ఇటుక బట్టీల దగ్గర, తోట కాపలా గుడిసెల్లో నేల మీద పడుకునేవారికి కట్లపాము అసలు శత్రువు. దాని కాటు చాలాసార్లు నొప్పి కూడా కలిగించదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, ఆ తర్వాత రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం చూసి తాగిన మత్తనుకునేవారున్నారు. మంచం, అంచులు పరుపు కిందికి మడిచిన దోమతెర ఈ మరణాలను ఆపగలవు. కూలీలకు ఆ రెండూ సమకూర్చడం యజమాని బాధ్యతగా ఉండాలి.

కాటు పడ్డాక ఏం చేయాలన్నదీ పని మొదలు కాకముందే తెలిసి ఉండాలి. తాడు బిగించడం, కోసి రక్తం తీయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, మంత్రం కోసం ఆగడం, ఇవన్నీ సమయాన్నీ కాలినీ పోగొడతాయి. కాటు పడ్డ కాలిని వెదురు బద్దకు వదులుగా కట్టి కదలకుండా ఉంచి, 108 వాహనంలో, అది అందకపోతే మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, విషవిరుగుడు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాపు మొదలైతే మెట్టెలు, పట్టీలు, గాజులు రక్తప్రసరణను ఆపేస్తాయి. నాట్ల పనిలో ఎక్కువమంది స్త్రీలే కాబట్టి మెట్టెలు వెంటనే తీసేయడం ప్రాణరక్షణలో భాగమని, అందులో అశుభమేమీ లేదని పనికి వచ్చే ప్రతి జట్టుకూ ముందే నచ్చజెప్పి ఉంచాలి. పామును చంపి తీసుకురావాలనే ప్రయత్నం రెండో మనిషికి కాటు తెస్తుంది. దూరం నుంచి తీసిన ఫొటో చాలు, అదీ లేకపోయినా వైద్యం ఆగదు.

ఎందుకు ఆగదన్నది ఆసుపత్రిలోని ఒక సాదా పరీక్ష చూస్తే తెలుస్తుంది. రోగి నుంచి తీసిన కొద్దిపాటి రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే అది పింజరి విషపు పని, అప్పుడు మందు మొదలుపెట్టాలి. రెప్పలు వాలుతుంటే నాగుపాము లేదా కట్లపాము విషం నరాలను పట్టిందని అర్థం. నాలుగు జాతులకూ మందు ఒకటే కాబట్టి పేరు తెలియకపోయినా నష్టం లేదు. రక్తపింజరి ఒక కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం దించుతుందనీ, మందు ఒక మిల్లీలీటరు దాని విషంలో 0.6 మిల్లీగ్రాములను మాత్రమే నిర్వీర్యం చేస్తుందనీ లెక్కగట్టి చూస్తే, పది మిల్లీలీటర్ల సీసాలు పది వరకు మొదటి మోతాదుగా ఎందుకు ఇస్తారో బోధపడుతుంది. ఒకటి రెండు సీసాలు ఎక్కించి పంపేయడం వైద్యం అనిపించుకోదు. గుర్రం రక్తం నుంచి వచ్చిన ప్రోటీన్ కాబట్టి కొందరికి తీవ్ర ప్రతిచర్య రావచ్చు, పక్కనే అడ్రినలిన్ సిద్ధంగా ఉండాలి. కట్లపాము విషం నరాల చివరలనే దెబ్బతీస్తుంది, అవి తిరిగి మొలవడానికి రోజులు పడుతుంది కాబట్టి అలాంటి రోగికి వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రి కూడా కావాలి. లక్షణాలేవీ కనబడని మనిషిని సైతం 24 గంటలు గమనించాకే ఇంటికి పంపాలి.

ఇంటికి చేరడంతో కథ ముగియదు. రక్తపింజరి విషం మూత్రపిండాలను దెబ్బతీసిన కొందరు డయాలసిస్ మీద ఉండాల్సి వస్తుంది, మరికొందరిలో మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నెమ్మదిగా పనిచేయడం మాని, నెలల తర్వాత నీరసం, నెలసరి ఆగిపోవడం వంటి లక్షణాలుగా బయటపడుతుంది. ఇలాంటి మనిషి మళ్లీ కూలి పనికి వెళ్లలేడు. తెలంగాణలో రైతు బీమా కింద పాముకాటుతో సహా ఏ కారణంతో చనిపోయినా 5 లక్షల రూపాయలు అందుతాయి గానీ, అది పట్టాదారు పాసు పుస్తకం ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతుకు రూపొందించినది. ఆ రైతు పొలంలోనే పనలు ఎత్తుతూ కాటు తిన్న కౌలుదారుకూ కూలికీ అది వర్తించదు. పాముకాటు మరణాలనూ వైకల్యాలనూ 2030 నాటికి సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లక్ష్యం పెట్టుకుంది. భారత ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించి, ఆ ఏడాది నవంబరులో ప్రతి కాటునూ తప్పనిసరిగా నమోదు చేసే వ్యాధుల జాబితాలో చేర్చమని రాష్ట్రాలను కోరింది. ఆ నమోదులో ఊరు, వయసు, తేదీలతో పాటు కాటు పడినప్పుడు ఆ మనిషి ఏ పనిలో ఉన్నాడు, ఎవరి పొలంలో ఉన్నాడు, కాళ్లకు ఏమైనా తొడుగు ఉందా, నేల మీద పడుకున్నాడా అన్న నాలుగు విషయాలు కూడా చేరితే, ఏ మండలంలో బూట్లు ఇవ్వాలో, ఏ బట్టీలో మంచాలు వేయించాలో, ఏ ఆరోగ్య కేంద్రంలో ఏ నెలకు ఎన్ని సీసాలు నిల్వ ఉంచాలో జిల్లా అధికారులు వర్షాలకు ముందే తేల్చుకోగలుగుతారు.